పుట్టిన బిడ్డ ఆడా, మగా? - అధివృక్క గ్రంథి వారసత్వ వ్యాధి

బిడ్డ పుట్టిన ఏడవ రోజున అఖీఖా జరపటం, తల వెంట్రుకలు తీయించటం, పేరు పెట్టటం మన ఇళ్లలో తరతరాలుగా వస్తున్న సంప్రదాయం. మగబిడ్డ అయితే రెండు పొట్టేళ్లు, ఆడబిడ్డ అయితే ఒకటి. నరసరావుపేటలోనైనా, మాచర్లలోనైనా, గురజాల దగ్గరి చిన్న పల్లెలోనైనా ఈ శుభకార్యానికి పూనుకొనే నాటికి ఒక ప్రశ్న తేలిపోయి ఉండాలి. పుట్టినది ఆడబిడ్డా, మగబిడ్డా? దాదాపు అన్ని ఇళ్లలోను ఇది ప్రశ్నే కాదు. మంత్రసాని గాని, నర్సు గాని చూసి చెప్పిన మాటతోనే తేలిపోతుంది. కాని అరుదుగా కొందరు శిశువుల విషయంలో ఆ మాట తడబడుతుంది. చూడటానికి మగబిడ్డ వలె ఉన్నా వృషణాలు చేతికి తగలవు. లేదా ఆడబిడ్డే అనిపించినా మర్మావయవం పెద్దదిగా కనిపిస్తుంది.

ఇలాంటి బిడ్డ పుట్టినప్పుడు ఇంటిల్లిపాదికీ సిగ్గు, భయం కలుగుతాయి. బంధువులకు తెలియకుండా దాచాలని చూస్తారు. ఎవరికీ తోచని రెండవ ప్రశ్న ఒకటి ఉన్నది. అది మొదటి దానికంటె తొందరైనది. ఈ బిడ్డ రెండవ వారం దాటి బ్రతుకుతుందా? ఈ రెండు ప్రశ్నలకూ మూలం తరచుగా ఒకే వ్యాధి. దానిని పుట్టుకతో వచ్చే అధివృక్క గ్రంథి పెరుగుదల అని వైద్యులు అంటారు. దీనిలో జన్యువుల పాత్ర ఏమిటి, హార్మోనుల అంకెలు ఏమి చెప్తాయి, ధర్మశాస్త్రానికీ దీనికీ ఉన్న సంబంధం ఏమిటి అన్న విషయాలను వివరించటం ఈ వ్యాసం ఉద్దేశం.

గ్రంథి - దాని పని

మన రెండు మూత్రపిండాల మీద టోపీల వలె రెండు చిన్న గ్రంథులు ఉన్నాయి. ఇవే అధివృక్క గ్రంథులు. ఇవి చెడిపోతే మనిషి క్షీణించి మరణిస్తాడని 1855లో లండనులో థామస్ ఆడిసన్ అనే వైద్యుడు చూపించాడు. ఈ గ్రంథి పైపొర కొలెస్టరాలును ముడిసరుకుగా తీసుకొని, ఒకదాని తర్వాత ఒకటిగా కొన్ని ఎంజైముల సహాయంతో మూడు రకాల హార్మోనులను తయారుచేస్తుంది.

మొదటిది కార్టిజాల్. జ్వరం, గాయం, ఆకలి వంటి కష్టకాలంలో రక్తపు పోటునూ, రక్తంలోని చక్కెరనూ పడిపోకుండా నిలబెట్టేది ఇదే. రెండవది ఆల్డోస్టిరోన్. శరీరంలోని ఉప్పు మూత్రం ద్వారా వృథాగా పోకుండా ఇది కాపాడుతుంది. మూడవ రకం ఆండ్రోజెనులు, అంటే పురుషత్వ లక్షణాలను కలిగించే హార్మోనులు. ఇవి స్త్రీ పురుషులిద్దరిలోను కొద్ది మోతాదులో ఉంటాయి.

ఈ గ్రంథికి ఆజ్ఞలు ఇచ్చేది మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి. రక్తంలో కార్టిజాల్ తగ్గితే అది ఎ.సి.టి.హెచ్. అనే హార్మోనును ఎక్కువగా పంపుతుంది. కార్టిజాల్ సరిపడినంత ఉంటే తగ్గిస్తుంది.

కాలువ ఉపమానం

నాగార్జునసాగర్ కుడి కాలువ కింద వ్యవసాయం చేసే పల్నాటి రైతుకు ఈ వ్యాధిని అర్థం చేసుకోవటం కష్టం కాదు. ఒక పెద్ద కాలువ నుండి మూడు పిల్ల కాలువలు చీలుతున్నాయని అనుకుందాము. వాటిలో రెండింటి తూములు తుప్పుపట్టి మూసుకుపోయాయి. ఆ రెండు కాలువల చివరి భూములకు నీరు అందదు. రైతులు మొర పెట్టుకుంటారు. తూము సంగతి తెలియని అధికారి పైనుండి మరింత నీరు వదులుతాడు. మూసి ఉన్న తూముల వెనుక నీరు నిలిచి గట్టులెక్కుతుంది. చివరకు తెరిచి ఉన్న మూడవ కాలువలోకి పొర్లి, అక్కడి చేలను ముంచుతుంది. ఎండినవారి మొర మాత్రం తీరదు.

ఇక్కడ మూసుకుపోయిన తూము 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము. నీరందని రెండు కాలువలు కార్టిజాల్, ఆల్డోస్టిరోన్. నీటిని వదులుతూ పోయే అధికారి పీయూష గ్రంథి. తూము వెనుక నిలిచిన నీరు 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరోన్ అనే పదార్థం. ముంపుకు గురి అయిన చేను ఆండ్రోజెనుల మార్గం. ఆగకుండా వచ్చే ఆజ్ఞల వలన గ్రంథి లావెక్కుతుంది. వ్యాధికి ఆ పేరు రావటానికి కారణం అదే. ఈ వ్యాధి ఉన్నవారిలో నూటికి 95 మందిలో లోపించేది ఈ 21-హైడ్రాక్సిలేజే.

గర్భంలోని ఆడశిశువు ఈ ముంపుకు గురి అయితే బాహ్య మర్మావయవాలు మగవాని వలె మారుతాయి. లోపల మాత్రం గర్భాశయం, అండాశయాలు మామూలుగానే ఉంటాయి. మగశిశువులో బయటికి కనిపించే తేడా దాదాపు ఉండదు. అందువలన అతని ప్రమాదం ఎక్కువ. ఆడబిడ్డ రూపం చూసి వైద్యుడు అనుమానించవచ్చు. మగబిడ్డను ఎవరూ అనుమానించరు. రెండవ, మూడవ వారాలలో పాలు త్రాగక, వాంతులతో, బరువు తగ్గుతూ, ఒళ్లు చల్లబడి అతను మరణిస్తే, విరేచనాలనో, పాలు పడలేదనో అనుకొని ఖననం చేస్తారు. తర్వాతి కాన్పులో అదే జరిగినా ఎవరికీ కారణం తెలియదు.

1865లో ఇటలీలోని నేపుల్సులో లుయిజీ దె క్రెక్కియో అనే శరీర శాస్త్రజ్ఞుడు వర్ణించిన శవపరీక్ష ఈ వ్యాధి చరిత్రలో మొదటి వివరణగా ఎన్నబడుతున్నది. జీవితమంతా పురుషునిగా బ్రతికిన ఒక వ్యక్తి శరీరంలో గర్భాశయం, అండాశయాలు, చాలా పెద్దవైన అధివృక్క గ్రంథులు కనిపించాయి. వాంతులు, విరేచనాలు, నీరసంతో ఆ వ్యక్తి మరణించినట్లు నమోదయినది. 1950లో అమెరికాలో లాసన్ విల్కిన్సు కార్టిజోనుతో ఈ వ్యాధిని అదుపు చేయవచ్చునని చూపించేంత వరకు దీనికి చికిత్స లేదు.

జన్యువులో జరిగే మార్పు

21-హైడ్రాక్సిలేజును తయారుచేసే జన్యువు ఆరవ క్రోమోజోము మీద ఉన్నది. దీని పేరు సి.వై.పి.21ఎ2. దీనిని 1980 దశకం మధ్యలో గుర్తించి విడదీశారు. విచిత్రమేమంటే దీని ప్రక్కనే దీనిని నూటికి 98 పాళ్లు పోలిన మరొక జన్యువు ఉన్నది. అది పనిచేయదు. దానిలో పలు దోషాలున్నాయి. శాస్త్రజ్ఞులు దానిని మిథ్యా జన్యువు అంటారు.

బీజకణాలు తయారయ్యే వేళ జంట క్రోమోజోములు ఒకదానికొకటి చేరువై భాగాలను మార్చుకుంటాయి. ఇంత దగ్గరి పోలిక గల రెండు జన్యువులు ప్రక్కప్రక్కనే ఉండటం వలన అవి సరిగా జతపడక పోవచ్చు. అప్పుడు ఒక పెద్ద ముక్క పూర్తిగా ఊడిపోతుంది. లేదా మిథ్యా జన్యువులోని తప్పు అసలు జన్యువులోకి నకలవుతుంది. ఒకే పాఠానికి రెండు ప్రతులుండి, వాటిలో ఒకటి తప్పుల తడక అయినప్పుడు, నకలు వ్రాసే లేఖకుడు పొరపాటున తప్పుల ప్రతిని చూసి వ్రాసినట్లే ఇది. ఈ వ్యాధిలోని ఉత్పరివర్తనాలలో అధిక భాగం ఇలా వచ్చినవే. అందువలన సుమారు పది మార్పులను పరీక్షిస్తే చాలామంది రోగులలో కారణం తెలిసిపోతుంది.

ఏ మార్పు ఎంత హాని చేస్తుందన్నది ఎంజైముకు ఎంత శక్తి మిగిలిందనే దానిని బట్టి ఉంటుంది. జన్యువు ఊడిపోయినా, 318వ స్థానంలో ప్రోటీను తయారీ అర్ధంతరంగా ఆగిపోయినా శక్తి ఏమీ మిగలదు. అప్పుడు ఉప్పు కోల్పోయే తీవ్ర రూపం వస్తుంది. రెండవ ఇంట్రానులో ఒక అక్షరం మారే దోషం ఈ వ్యాధిలో తరచుగా కనిపిస్తుంది. దానిలో శక్తి అతి స్వల్పం. 172వ స్థానంలో ఐసోల్యూసిను బదులు ఆస్పరాజిను చేరితే నూటికి ఒకటి రెండు పాళ్ల శక్తి మిగులుతుంది. అంత కొద్ది శక్తితోనే శరీరం ఉప్పును నిలుపుకోగలదు. పురుషత్వ లక్షణాలు మాత్రం వస్తాయి. 281వ స్థానంలో వాలిను బదులు ల్యూసిను చేరితే నూటికి 20 నుండి 50 పాళ్ల శక్తి ఉంటుంది. అలాంటివారు ఆరోగ్యంగానే పుడతారు. తర్వాత కొందరు బాలికలకు అవాంఛిత రోమాలు, మొటిమలు, నెలసరి తప్పటం వంటి లక్షణాలు కనిపిస్తాయి.

ప్రతి మనిషికీ ఈ జన్యువు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి వస్తుంది. ఒకటి సరిగా ఉంటే చాలు, వ్యాధి రాదు. అలాంటివారిని వాహకులు అంటారు. వారికి ఏ లక్షణమూ ఉండదు. రెండూ చెడితేనే వ్యాధి. రెండింటిలో తక్కువ చెడినది ఏదో, దానిని బట్టి వ్యాధి తీవ్రత ఉంటుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోను నాలుగింట ఒక పాలు ప్రమాదం ఉన్నది. కనుక దోషమంతా కోడలిదే అని నిందించటానికి శాస్త్రంలో ఆధారం లేదు. తండ్రి నుండి ఒకటి రానిదే ఈ వ్యాధి రాదు.

హార్మోనుల అంకెలు

రక్తపరీక్షలో ముఖ్యంగా చూసేది 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరోన్. నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతుడైన శిశువులో, పుట్టిన రెండు మూడు రోజుల తర్వాత, అది మిల్లీలీటరు రక్తరసికి రెండు మూడు నానోగ్రాములకు లోపే ఉంటుంది. తీవ్ర రూపంలో అది 50 దాటి, తరచుగా 100 కూడా మించుతుంది. అయితే మొదటి రెండు రోజులలో ఆరోగ్యవంతులలోను, నెలలు నిండకుండా పుట్టినవారిలో మరికొంత కాలమూ ఈ అంకె ఎక్కువగా ఉంటుంది. అందుచేతనే 48 గంటలు గడిచిన తర్వాత మడమ నుండి రక్తపు చుక్క తీసి వడపోత కాగితం మీద పరీక్షిస్తారు. ఈ పద్ధతిని 1977లో సాంగ్యా పాంగ్, ఆమె సహచరులు ప్రవేశపెట్టారు.

స్వల్ప రూపంలో మామూలు అంకె సందేహాస్పదంగా ఉండవచ్చు. అప్పుడు ఎ.సి.టి.హెచ్. సూది ఇచ్చి గంట తర్వాత మళ్లీ కొలుస్తారు. అది 10 నానోగ్రాములు మించితే వ్యాధి ఉన్నట్లే. తీవ్ర రూపంలో అది 100కు పైగా పోతుంది.

ప్రాణాపాయాన్ని సూచించే అంకెలు వేరు. రక్తంలో సోడియం 135 నుండి 145 వరకు ఉండవలసినది పడిపోతుంది. పొటాషియం పెరుగుతుంది. పెరిగిన పొటాషియం గుండె లయను చెడగొడుతుంది. వాంతులతో వచ్చిన రెండు వారాల శిశువులో ఈ రెండు అంకెలు ఇలా తారుమారై ఉంటే, అది మగబిడ్డ అయినా సరే, ఈ వ్యాధిని తలచుకోవాలి. ఈ రెండు పరీక్షలూ ఖరీదైనవి కావు.

మన ప్రాంతంలో ఎంతమంది?

ప్రపంచంలో ఈ వ్యాధి తీవ్ర రూపం సుమారు 10 వేల నుండి 18 వేల జననాలకు ఒకటి అని లెక్క. మన దగ్గర ఇది అంత అరుదు కాదనటానికి ఆధారాలున్నాయి. హైదరాబాదులోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది శిశువులను పరీక్షించి, రాధా రమాదేవి, నౌషాద్ 2004లో ప్రకటించిన అధ్యయనంలో ఇది 2,575 మందికి ఒకటిగా తేలినది. భారత వైద్య పరిశోధనా మండలి ఐదు నగరాలలో లక్షకు పైగా శిశువులను పరీక్షించి 2018లో ప్రకటించిన ఫలితాలలో సగటున 5,762 మందికి ఒకటి. చెన్నైలో 2,036 మందికి ఒకటి. దక్షిణాదిలో ఇది ఎక్కువగా ఉండటానికి దగ్గరి సంబంధాల పెళ్లిళ్లు ఒక కారణం కావచ్చునని భావించటం సహజం. ఆంధ్రప్రదేశ్‌లో వివాహాలలో దాదాపు నాలుగో వంతు రక్త సంబంధీకుల మధ్య జరిగేవే.

దీనిని ఒక చిన్న లెక్కతో చూద్దాము. ఏభై మందిలో ఒకరు వాహకులని అనుకుందాము. బంధుత్వం లేని దంపతులిద్దరూ వాహకులయ్యే అవకాశం ఏభైలో ఏభయ్యో వంతు, అంటే 2,500లో ఒకటి. వారి బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం దానిలో నాలుగో వంతు. మొత్తం 10 వేలకు ఒకరు. ఇప్పుడు వధూవరులు మేనత్త మేనమామ బిడ్డలో, అన్నదమ్ముల బిడ్డలో అనుకుందాము. ఒకరు వాహకులైతే, అదే జన్యువు రెండవవారికి ఉమ్మడి తాత నుండి గాని, అవ్వ నుండి గాని వచ్చే అవకాశం ఎనిమిదో వంతు. లెక్క కట్టగా 10 వేల మందికి సుమారు ఏడుగురు అవుతారు. అక్క కూతురిని చేసుకునే మేనమామ వివాహంలో 10 వేలకు సుమారు 13 మంది.

మేనమామ వివాహాన్ని దివ్య ఖుర్ఆన్ నిషేధించింది. నాలుగవ సూరా 23వ వాక్యంలోని నిషిద్ధ స్త్రీల జాబితాలో అన్న కూతురు, అక్క కూతురు ఉన్నారు. పినతండ్రి, మేనమామ బిడ్డల వివాహం ధర్మసమ్మతమే. కాని ధర్మసమ్మతమైనది విధి అయిపోదు. పై లెక్క ప్రకారం కూడా 10 వేలలో 9,993 మంది ఈ వ్యాధి లేకుండానే పుడతారు. కనుక భయపడవలసిన పని లేదు. అయితే కుటుంబంలో ఇంతకు ముందు ఇలాంటి బిడ్డ పుట్టి ఉన్నా, రెండు మూడు వారాల పసికందులు కారణం తెలియకుండా పోయి ఉన్నా, అదే కుటుంబంలో మళ్లీ సంబంధం కలుపుకొనే ముందు జన్యు పరీక్ష చేయించటం వివేకం.

ఖున్సా - ధర్మశాస్త్ర దృష్టి

స్త్రీ పురుష లక్షణాలు రెండూ కనిపించే వ్యక్తిని ధర్మశాస్త్రజ్ఞులు ఖున్సా అన్నారు. క్రీ.శ. 1197లో మరణించిన ఇమామ్ మర్గీనానీ తన హిదాయా గ్రంథంలో దీనికి ఒక ప్రత్యేక అధ్యాయమే కేటాయించారు. వారసత్వంలో కుమారుని వాటా కుమార్తె వాటాకు రెట్టింపు. నమాజులో నిలబడే వరుస, పర్దా, వివాహం, చివరకు జనాజా స్నానం వరకు ఈ నిర్ణయం మీద ఆధారపడినవే. కనుక వారు మూత్రం వచ్చే మార్గాన్ని బట్టి, తర్వాత యుక్తవయస్సు లక్షణాలను బట్టి నిర్ణయించారు. ఏదీ తేలని వ్యక్తికి రెండు వాటాలలో తక్కువది ఇవ్వాలని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. తమ కాలంలో కంటికి కనిపించే ఆధారాలతో వారు సత్యాన్ని వెదికారు. ఖున్సా అయినంత మాత్రాన ఆ వ్యక్తిని సమాజం నుండి వెలివేయమని వారెవరూ అనలేదు.

నేడు ఆ వెదుకులాటకు మెరుగైన సాధనాలున్నాయి. ఈ వ్యాధి గల ఆడబిడ్డకు స్త్రీ క్రోమోజోములు ఉన్నాయి. గర్భాశయం, అండాశయాలు ఉన్నాయి. సరైన చికిత్సతో ఆమె పెరిగి పెద్దదై తల్లి కాగలదు. 1989లో మక్కాలో సమావేశమైన రాబితా వారి ఫిఖ్హ్ మండలి ఒక నిర్ణయం చేసింది. పూర్తి లక్షణాలున్నవారు లింగాన్ని మార్చుకోవటం తగదనీ, రెండు లక్షణాలూ కలిసి ఉన్నవారి విషయంలో ఏవి ప్రబలమో చూసి, సందేహం పోయేలా చికిత్స చేయవచ్చుననీ అది చెప్పింది. శస్త్రచికిత్స అవసరమా, అవసరమైతే ఎప్పుడు అన్నది తొందరపడి నిర్ణయించేది కాదు. నిపుణులతో నిదానంగా ఆలోచించవలసిన విషయం.

ఇక్కడ ప్రతి ముస్లిం కుటుంబమూ గుర్తుంచుకోవలసిన జాగ్రత్త ఒకటున్నది. వృషణాలు రెండూ చేతికి తగలని శిశువుకు పరీక్షలు పూర్తి అయ్యేవరకు ఖత్నా చేయించరాదు. ఆ బిడ్డ నిజానికి ఆడబిడ్డ కావచ్చును. ఏడవ రోజు దాటిపోతున్నదన్న తొందర వలన తీరని హాని జరగవచ్చు. అఖీఖాను గాని, పేరు పెట్టటాన్ని గాని కొన్ని రోజులు ఆపటంలో తప్పు లేదు.

చికిత్స, ఉపవాసం, వేసవి

శరీరం తయారుచేయలేని హార్మోనులను బయటి నుండి ఇవ్వటమే చికిత్స. పిల్లలకు హైడ్రోకార్టిసోనును రోజుకు మూడుసార్లు, ఉప్పు కోల్పోయేవారికి ఫ్లూడ్రోకార్టిసోను, పసివారికి అదనంగా ఉప్పు ఇస్తారు. మందు చాలకపోతే ఆండ్రోజెనులు పెరిగి, బిడ్డ త్వరగా ఎదిగి, త్వరగా ఎదుగుదల ఆగి, పొట్టిగా మిగులుతాడు. మందు ఎక్కువైతే కూడా ఎదుగుదల దెబ్బ తింటుంది. అందువలన మోతాదును అంకెలు చూసి వైద్యుడే నిర్ణయించాలి. ఆండ్రోజెనులను తగ్గించే క్రినెసర్‌ఫాంట్ అనే కొత్త మందుకు 2024 డిసెంబరులో అమెరికాలో అనుమతి లభించినది. అది హైడ్రోకార్టిసోనుకు తోడే గాని బదులు కాదు.

జ్వరం వస్తే హైడ్రోకార్టిసోను మోతాదును రెండు మూడు రెట్లు పెంచాలి. వాంతులై మందు నిలవకపోతే సూది ద్వారా ఇవ్వాలి. మాచర్ల నుండి గుంటూరు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్లకు పైగా దూరం. అంత దూరం వెళ్లేలోగా ప్రాణం పోవచ్చు. అందుచేత ఆ సూదిమందు ఇంట్లో ఉంచుకొని, వేయటం నేర్చుకోవాలి. వ్యాధి పేరు, మందుల పేర్లు వ్రాసిన చీటీ ఎప్పుడూ బిడ్డ వెంట ఉండాలి. మన రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటా ప్రసిద్ధం. చెమటతో ఉప్పు పోయే ఆ రోజులలో ఈ పిల్లలకు నీరు, ఉప్పు తగ్గకుండా చూడాలి.

రమజాను ఉపవాసం యుక్తవయస్సు రాని పిల్లలకు విధి కాదు. పెద్దవారైన తర్వాత కూడా, వ్యాధిగ్రస్తులకు రెండవ సూరా 184, 185 వాక్యాలలో సడలింపు ఉన్నది. ఉప్పు కోల్పోయే రూపం గలవారు పదమూడు, పద్నాలుగు గంటలు నీరు, మందు లేకుండా ఉండటం ప్రాణాపాయం. స్వల్ప రూపం గలవారు ఉపవాసం పాటించదలచితే నెల ముందే వైద్యుని సంప్రదించి మందుల వేళలు మార్చుకోవాలి. తల తిరిగినా, వాంతి అయినా వెంటనే విరమించాలి. "అందరూ ఉంటున్నారు, నువ్వెందుకు ఉండవు?" అని ఇలాంటి అమ్మాయిని నిలదీసే పెద్దలు, సడలింపు ఇచ్చినది ఎవరో గుర్తు చేసుకోవాలి.

ఈ వ్యాధి మాత్రల ఖర్చుతో అదుపులో ఉండేది. ప్రాణం తీసేది చాలాసార్లు వ్యాధి కాదు, దానిని దాచిన సిగ్గు. నవజాత శిశువులందరికీ ఈ పరీక్ష మన దేశంలో ఇంకా తప్పనిసరి కాలేదు. అంతవరకు కాన్పు అయిన ఇంట్లో పెద్దలు రెండు సంగతులు మరువకుండా ఉంటే చాలును. బిడ్డ రూపంలో సందేహం ఉంటే దాచకుండా మొదటి వారంలోనే పిల్లల వైద్యునికి చూపాలి. రెండవ వారంలో ఆడైనా, మగైనా పాలు మాని వాంతులు చేసుకొంటూ తూకం తగ్గుతుంటే, సోడియం, పొటాషియం పరీక్ష చేయమని అడగాలి. ఆ ఒక్క మాట అడిగిన ఇంట్లో అఖీఖా కొన్నాళ్లు ఆలస్యమైనా, బిడ్డ దక్కుతుంది.